తుప్పు పట్టిన కమాను కట్టల హ్యాంగర్లు, బుష్‌లు మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ట్రక్కులో వెనక యాక్సిల్‌ని బండికి పట్టి ఉంచేవి కమాను కట్టలు, అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగులు. ఆ కట్టలను చాసిస్‌కి పట్టి ఉంచేవి హ్యాంగర్లు, ఊగే లింకులైన షాకిళ్లు, వాటి బోల్టుల చుట్టూ కూర్చునే తొడుగులు, అంటే బుష్‌లు. ఇవి బరువు మోయడంతో ఆగిపోవు. యాక్సిలరేటర్ తొక్కినప్పటి తోపుడు, బ్రేకు వేసినప్పటి లాగుడు కూడా వీటి మీదుగానే చాసిస్‌కి చేరతాయి. అందుకే ఇక్కడి తుప్పును రంగు వేసి కప్పేయకూడదు. ఈ జవాబులు ఎక్కువగా పికప్‌లు, చిన్న ట్రక్కుల గురించి. పెద్ద లారీల్లో తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

హ్యాంగర్ ఏది, షాకిల్ ఏది? రెండూ ఎందుకు?

కట్టలో అన్నిటికంటే పొడవైనది మెయిన్ పట్టీ. దాని రెండు చివరలనూ గుండ్రంగా కన్నులా చుట్టి ఉంటారు. బుష్ ఆ కంట్లో కూర్చుంటుంది. చాలా బండ్లలో ముందు చివర నేరుగా హ్యాంగర్‌లోకి వెళ్లి ఒక బోల్టు మీద తిరుగుతుంది. వెనక చివర షాకిల్‌కి, షాకిల్ పై చివర వెనక హ్యాంగర్‌కి తగులుకుంటాయి.

బరువు పడితే కట్ట వంపు తగ్గుతుంది, చివరల మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరిగిన దూరానికి చోటిచ్చేది ఊగే షాకిల్. ముందు హ్యాంగర్‌కి ఆ ఊగుడు ఉండదు. యాక్సిల్ ఎక్కడ నిలబడాలో అదే నిర్ణయిస్తుంది. వెనకది పోతే బండి ఒక పక్కకు కుంగుతుంది. ముందుది పోతే యాక్సిల్ ఉన్నచోటు నుంచి జరిగిపోతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజను బలాన్ని వెనక యాక్సిల్‌కి చేర్చే కడ్డీ), బ్రేకు పైపులు దానితో పాటే లాగబడతాయి. రెండిట్లో ముందుది ఎక్కువ ప్రమాదం. కొన్ని మోడళ్లలో, ముఖ్యంగా ముందు యాక్సిల్ కట్టల్లో, షాకిల్ ముందు వైపు ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు మీ బండిలో ఏది ఎటో చూసుకోండి.

మార్చాల్సిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

గేరు వేసి కదిలినప్పుడు, బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి 'టక్' మని ఒక్క దెబ్బ వినిపించడం మొదటి గుర్తు. గుంటల్లో కిర్రుమంటుంటే సాధారణంగా ఎండిపోయిన బుష్. బండి ఒక వైపు వాలితే రెండు కట్టల ఎత్తూ కొలవండి. నేరుగా పోతున్న బండి వెనక నుంచి చూస్తే అడ్డంగా నడుస్తున్నట్టు కనిపిస్తే యాక్సిల్ జరిగిందని అర్థం. తేలిగ్గా కొలవడానికి, రెండు వైపులా ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు టేపు పట్టండి. స్టీరింగ్ నేరుగా ఉండాలి. రెండు కొలతలూ స్పష్టంగా తేడా వస్తే ముందు హ్యాంగర్‌నో, కట్ట పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టునో అనుమానించాలి.

కింద దూరి చూస్తే బుష్ రబ్బరు పిగిలి బయటికి రావడం, బోల్టు కంటికి మధ్యలో కాకుండా ఒక పక్కకు ఒరిగి ఉండడం, హ్యాంగర్ అంచులు పొరలు పొరలుగా ఉబ్బడం కనిపిస్తాయి.

మిగతా చాసిస్ బాగానే ఉండి హ్యాంగర్లనే తుప్పు ఎందుకు తినేస్తుంది?

హ్యాంగర్ ఆకారమే అందుకు కారణం. అది చాసిస్‌కి ఆనించిన ఒక పెట్టె లాంటిది. వెనక చక్రాలు విసిరే బురద, నీళ్లు, ఉప్పు నేరుగా అందులోకి చేరతాయి. వచ్చిన బురద త్వరగా ఆరదు. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాల్లో, సముద్రపు గాలి తగిలే చోట్ల ఇది మరీ వేగంగా జరుగుతుంది.

ఇంకో కారణం పైకి కనిపించదు. హ్యాంగర్ రేకుకూ చాసిస్ రేకుకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. నీరు అందులోకి పాకి అక్కడే తుప్పు పుడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రెండు రేకులనూ విడదీస్తూ ఉబ్బుతుంది. సందు పెద్దదవుతుంది, ఇంకా నీరు చేరుతుంది. హ్యాంగర్‌ని చాసిస్‌కి పట్టే రివెట్లు సాగి తలలు ఎగిరిపోవడం కూడా ఈ తోపుడు వల్లే.

కొన్నాళ్లు ఇలాగే నడపొచ్చా?

బుష్ మాత్రమే అరిగి శబ్దం చేస్తుంటే నెమ్మదిగా, ఖాళీగా నడిపి పనికి సమయం చూసుకోవచ్చు. హ్యాంగర్‌లో చిల్లు గానీ పగులు గానీ రివెట్ ఊడడం గానీ కనిపిస్తే బండి అక్కడే ఆగాలి. వెనక హ్యాంగర్ చిరిగిపోతే కట్ట చివర పైకి లేచి తొట్టి (సామాను వేసే వెనక భాగం) అడుగును పొడుచుకుని వస్తుంది. పక్కనే ఇంధన ట్యాంకు ఉన్న బండ్లలో ప్రమాదం అంతటితో పోదు. 2014లో టొయోటా అమెరికాలో 2005 నుంచి 2011 మోడళ్ల టకోమా పికప్‌లను సుమారు 6,90,000 వెనక్కి పిలిచింది. ఒత్తిడి, తుప్పు వల్ల కట్టలో పట్టీ విరిగి ట్యాంకు సహా చుట్టుపక్కల భాగాలకు తగలొచ్చన్నదే కారణం.

సామాను కొనే ముందు ఏం చూడాలి?

హ్యాంగర్ వెనక ఉన్న చాసిస్‌ని చూడాలి. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి. హ్యాంగర్ ఎంత కొత్తదైనా అది పట్టుకునేది పాత రేకునే. ఆ రేకు పల్చబడితే కొత్త బోల్టు దాన్ని చించుకుని బయటికి వస్తుంది.

ముందు తీగ బ్రష్‌తో పొరలన్నీ రాల్చండి. తర్వాత చిన్న సుత్తితో హ్యాంగర్ చుట్టూ ఒక జానెడు మేర కొడుతూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది, సుత్తి వెనక్కి తుళ్లుతుంది. తిన్న రేకు డొక్కుగా, చచ్చిన శబ్దం చేస్తుంది, పొర రాలుతుంది. అనుమానం వచ్చిన చోట మొనదేలిన స్క్రూడ్రైవర్‌ని గట్టిగా గుచ్చండి. అది దిగిపోతే అక్కడ లోహం మిగల్లేదు. మూసిన పెట్టె ఆకారపు చాసిస్ అయితే తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది, బయట రంగు చెక్కు చెదరకుండా ఉన్నా నమ్మకూడదు. ఫోనుకి తగిలించే సన్నని కెమెరా ఒకటి రంధ్రాల్లోంచి దూర్చి చూడండి. అడుగున నీరు కారే రంధ్రాలు మూసుకుపోయి ఉంటే లోపల బురద నిలిచినట్టే.

పైపై గుంటలు మాత్రమే ఉంటే పని ముందుకు సాగించవచ్చు. చిల్లు పడినా, బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగినా అది హ్యాంగర్ పని కాదు, చాసిస్ పని. కుళ్లిన మేర కోసి, సరైన మందం రేకు అతికి, వెల్డింగ్ బాగా తెలిసిన చేతితో చేయించాక హ్యాంగర్ సంగతి చూడాలి. చిల్లు మీద ముక్క వేసి దానికే హ్యాంగర్ బిగించడం నేను ఒప్పుకోను. యాక్సిల్ లాగే బలం ఆ ముక్క అంచు మీదే పడుతుంది.

బండిని ఎలా లేపి నిలబెట్టాలి?

సమతలంగా, గట్టిగా ఉన్న నేల మీద. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టండి. హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాల మీద పనిచేస్తుంది కాబట్టి వెనక లేపాక దాని వల్ల ఉపయోగం లేదు. చాసిస్ కింద, ముందు హ్యాంగర్‌కి కాస్త ముందుగా, గట్టి రేకు ఉన్నచోట స్టాండ్లు పెట్టండి. తుప్పు తిన్న రేకు కింద స్టాండు పెడితే అది లోపలికి దిగిపోతుంది. బండి బరువు జాకీ మీద ఉండగా దాని కింద దూరకండి.

యాక్సిల్ కింద విడిగా ఇంకో జాకీ ఉండాలి. ఈ పని సగం ఆ జాకీ మీదే నడుస్తుంది. యాక్సిల్‌ని అంగుళం లేపినా, అంగుళం దింపినా కట్ట మీద ఒత్తిడి మారుతుంది. బోల్టు వదులుగా కదిలే ఎత్తు ఒకటి దొరుకుతుంది, అక్కడ ఆపి తీయాలి. యాక్సిల్ దింపే ముందు షాకబ్జార్బర్ కింది బోల్టు విప్పండి. బ్రేకు రబ్బరు పైపు, ఏబీఎస్ వైరు, హ్యాండ్‌బ్రేకు కేబుల్ ఎంతవరకు సాగుతాయో చూస్తూ దింపండి. బరువును బట్టి బ్రేకు సర్దే లివరు ఉన్న బండ్లలో దాన్నీ విప్పాలి.

ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండో వైపు ముట్టుకోండి. ముట్టుకోని కట్ట యాక్సిల్‌ని దాని చోట నిలబెడుతుంది.

బోల్టు తిరుగుతోంది గానీ బయటికి రావడం లేదు. ఏం చేయాలి?

ఈ పనిలో ఎక్కువ సమయం తినేది ఇదే. బుష్ మధ్యలో ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. బోల్టు ఆ గొట్టంతో తుప్పు పట్టి ఒకటైపోతుంది. నట్టు వస్తుంది, బోల్టు తల తిరుగుతుంది, కానీ దానితో పాటు గొట్టం తిరుగుతూ రబ్బరు మెలిపడుతుంటుంది. తుప్పు వదిలించే నూనె నట్టు మరలకు బాగా పనిచేస్తుంది. ముందు రోజు రాత్రే పోసి ఉంచండి. గొట్టం మధ్యలోకి మాత్రం అది చేరదు, దాని మీద ఆశ పెట్టుకుని రోజులు గడపకండి.

సుత్తితో కొట్టి చూడొచ్చు. కొట్టేటప్పుడు నట్టును చివరి వరకు ఎక్కించి కొడితే మరలు చెడవు. కదలకపోతే కోసేయడమే. హ్యాంగర్ గోడకూ బుష్ అంచుకూ మధ్య రంపం బ్లేడు దూరేంత సందు ఉంటుంది. ముందుకూ వెనక్కూ ఆడే కరెంటు రంపానికి లోహం కోసే మంచి బ్లేడు పెట్టి రెండు వైపులా కోయండి. హ్యాంగర్ ఎలాగూ పారేసేదే కాబట్టి దాని చెవులను గ్రైండర్‌తో కోయడం ఇంకా తేలిక. బ్లేడు కట్ట కంటికి తగలకూడదు. అక్కడ పడిన చిన్న గాటు నుంచే తర్వాత పగులు మొదలవుతుంది.

వేడి చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. నట్టును వేడి చేయొచ్చు. కట్ట కన్ను దగ్గర మంట పెట్టకండి. కట్ట ఉక్కును కాల్చి, చల్లార్చి, మళ్లీ కొలిచిన వేడిలో పదును పెట్టి తయారు చేస్తారు. అది ఎర్రబడితే ఆ పదును పోతుంది, కన్ను మెత్తబడుతుంది.

ఇంధన ట్యాంకు బోల్టుకి అడ్డం వస్తోంది. దించాల్సిందేనా?

చాలా పికప్‌లలో ఒక వైపు ముందు హ్యాంగర్ బోల్టు తల ట్యాంకు వైపే ఉంటుంది. ఫ్యాక్టరీలో ట్యాంకు ఎక్కించక ముందే ఆ బోల్టు వేస్తారు. రెండు దారులున్నాయి. ట్యాంకు దాదాపు ఖాళీ చేసి పట్టీలు విప్పి కిందికి దించడం ఒకటి, తొట్టి బోల్టులు విప్పి తొట్టిని ఒక వైపు ఎత్తడం రెండోది. తొట్టి తీస్తే పై నుంచి చాసిస్ మొత్తం కనిపిస్తుంది, రివెట్ పని కూడా ఉంటే ఈ దారే మేలు.

ట్యాంకు పక్కన గ్రైండర్, గ్యాస్ కటింగ్, మంట వాడకండి. తడిగుడ్డ కప్పామన్న ధైర్యం చాలదు. ఖాళీ ట్యాంకులో ఆవిరి నిండి ఉంటుంది, ద్రవం కంటే అదే త్వరగా అంటుకుంటుంది. ట్యాంకుని దూరంగా తీసుకెళ్లాకే నిప్పురవ్వల పని. చాసిస్ వెంట పోయే ఇంధన పైపులు, బ్రేకు పైపులు ఎక్కడున్నాయో కూడా ముందే చూసుకోండి.

తిరిగి బిగించేటప్పుడు కొత్త బోల్టుని తిరగేసి, ట్యాంకు వైపు నట్టు వచ్చేలా వేయగలిగితే వేయండి. మళ్లీ ఎప్పుడైనా తీయాల్సి వస్తే ట్యాంకు జోలికి పోనక్కర్లేదు. మరల చివర టైరుకో, పైపుకో, ట్యాంకుకో తగలకుండా చూసుకోవాలి.

ఫ్యాక్టరీ రివెట్లు ఎలా తీయాలి?

తల మధ్యలో పంచ్ కొట్టి 5 లేక 6 మి.మీ. డ్రిల్‌తో లోతుగా రంధ్రం వేయండి. తర్వాత గ్రైండర్‌తో తల చదును చేయండి లేదా గాలి ఉలితో కోసేయండి. మిగిలిన కాడను పంచ్‌తో వెనక్కి కొట్టండి. మధ్యలో రంధ్రం ఉండడం వల్ల కాడ కాస్త లోపలికి కుంచించుకుని కదులుతుంది. గ్రైండర్ చాసిస్ రేకులోకి దిగకూడదు. కళ్లకు అద్దాలు, ముఖానికి షీల్డు, చెవులకు రక్షణ తప్పనిసరి.

రివెట్ల స్థానంలో బోల్టులు వేయొచ్చా? వెల్డింగ్ చేస్తే?

బోల్టులు వేయొచ్చు, ఎక్కువ మంది చేసేది అదే. అయితే రివెట్ రంధ్రాన్ని పూర్తిగా నింపి కూర్చుంటుంది, బోల్టు బిగింపు బలంతో రేకులను అదిమి పట్టి పనిచేస్తుంది. అందుకని బోల్టు రంధ్రానికి సరిగ్గా పట్టేలా ఉండాలి, లొడలొడలాడకూడదు. రంధ్రం కాస్త వంకరగా ఉంటే ఒక సైజు పెద్ద బోల్టుకి సరిపడా రీమర్ (రంధ్రాన్ని నున్నగా, కచ్చితమైన కొలతకు పెద్దది చేసే పనిముట్టు) వేయండి. రేకులు కలిసే చోట బోల్టు నున్నటి కాడ ఉండాలి, మరలు ఉండకూడదు.

గ్రేడు 10.9 తీసుకోండి. ఆ అంకె బోల్టు తల మీద అచ్చు వేసి ఉంటుంది. దాని తెగే బలం సుమారు 1000 మెగాపాస్కల్స్. అంగుళాల కొలతల్లో దీనికి దగ్గరది గ్రేడు 8, తల మీద ఆరు గీతలుంటాయి. తుప్పు పట్టదని మామూలు స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తుంటారు. ఏ2-70 రకానికి ఆ బలం 700 మాత్రమే, ఇక్కడ అది చాలదు. గట్టిపరచిన వాషర్లు, ఊడిపోని నట్లు వాడండి.

వెల్డింగ్ నా మొదటి ఎంపిక కాదు. అతుకు పక్కన వేడి తగిలిన మేర లోహం గుణం మారుతుంది, రోజూ ఊగే భాగంలో పగుళ్లు అక్కడే పుడతాయి. పెద్ద లారీల్లో చాసిస్ పట్టీలు వేడితో గట్టిపరచిన ఉక్కు అయితే వెల్డింగ్ అసలు వద్దు, పై, కింది అంచుల్లో కొత్త రంధ్రాలూ వేయకూడదు. తప్పనిసరై వెల్డింగ్ చేస్తే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి.

పాత బుష్ కంట్లోంచి ఎలా బయటికి తీయాలి?

హైడ్రాలిక్ ప్రెస్ దొరికితే కట్ట తీసుకెళ్లి అక్కడ తోయించడం అన్నిటికంటే తేలిక. దొరక్కపోతే పొడవాటి మర కడ్డీ, ఒక వైపు బుష్ కంటే కాస్త చిన్న గొట్టం, రెండో వైపు బుష్ పట్టేంత పెద్ద గొట్టం పెట్టి నట్టు బిగిస్తూ లాగండి. రబ్బరు చుట్టూ డ్రిల్ వేసి లోపలి గొట్టం ఊడబీకడం ఇంకో పద్ధతి. అప్పుడు బయటి ఉక్కు తొడుగు కంట్లోనే మిగిలిపోతుంది. హ్యాక్సా బ్లేడు లోపల దూర్చి ఆ తొడుగును మాత్రం నిలువునా కోసి, ఉలితో లోపలికి మడవండి. కన్ను కోయకుండా, చివర్లో ఒక్కో రాపిడికి ఆగి చూసుకోండి.

రబ్బరును కాల్చి తీసే అలవాటు మానుకోవాలి. పొగ విషం, పైగా కంటికి వేడి తగులుతుంది.

కొత్తది ఎక్కించే ముందు కంటి లోపలి తుప్పును ఎమరీతో నున్నగా చేయండి. నూనె, గ్రీజు రాసి రబ్బరు బుష్ తోయకండి, రబ్బరు ఉబ్బుతుంది. సబ్బు నీళ్లు చాలు. ఉక్కు తొడుగు ఉన్నదైతే తొడుగు అంచును తోయాలి, మధ్య గొట్టాన్ని తోస్తే రబ్బరు అతుకు ఊడుతుంది.

రబ్బరు మంచిదా, పాలీయూరిథేన్ మంచిదా?

రోజూ తిరిగే బండికి రబ్బరే. చప్పుడు, అదురు తగ్గిస్తుంది, గ్రీజు అడగదు. పాలీయూరిథేన్ గట్టిది, ప్రెస్ లేకుండా చేత్తో రెండు ముక్కలుగా ఎక్కుతుంది, బరువు మోసే బండిలో కదలిక తక్కువ. కానీ దాన్ని ఇచ్చిన గ్రీజుతోనే వేయాలి, లేకపోతే కిర్రుమంటూనే ఉంటుంది.

బోల్టులు ఎప్పుడు బిగించాలి?

హ్యాంగర్‌ని చాసిస్‌కి పట్టే బోల్టులు వెంటనే పూర్తిగా బిగించండి. బుష్‌ల గుండా పోయే బోల్టులు మాత్రం అప్పుడే కాదు. వాటిని వేలితో ఎక్కించి, కాస్త పట్టు వచ్చేలా ఉంచి, చక్రాలు వేసి బండిని నేల మీదికి దింపండి. బంపరు పట్టుకుని రెండు మూడు సార్లు కిందికీ పైకీ ఊపండి. బండి తన బరువు మీద తాను నిలబడ్డాకే, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (తిప్పే బలం కొలతకి) బిగించాలి.

ఎందుకంటే రబ్బరు బుష్ బోల్టు మీద జారుతూ తిరగదు. మధ్య గొట్టం బిగింపుతో హ్యాంగర్‌కి అతుక్కుపోతుంది, బయటి అంచు కట్ట కంట్లో బిగుసుకుని ఉంటుంది, కట్ట ఊగినప్పుడల్లా మధ్యలోని రబ్బరే మెలిపడి తిరిగి వస్తుంది. యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే ఆ స్థితే రబ్బరుకి విశ్రాంతి స్థితి అవుతుంది. బండి దింపగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. నిలబడ్డ బండిలో కూడా అది లాగబడుతూనే ఉంటుంది, గుంట వచ్చిందంటే ఇంకా మెలిపడుతుంది. కొత్త బుష్‌లు కొద్ది కాలంలోనే చిరిగాయని సామాను నాణ్యతను తిట్టేవారిలో చాలామంది బండి గాలిలో ఉండగా బిగించినవాళ్లే. బండి ఎత్తు కాస్త పెరిగినట్టు కనిపించడానికీ ఇదే కారణం.

పాలీయూరిథేన్ బుష్ గొట్టం మీద తిరుగుతుంది కాబట్టి దానికి ఈ మెలి రాదు. అయినా నేల మీద బిగించడమే మంచి అలవాటు.

బోల్టుకి యాంటీసీజ్ (తుప్పుతో అతుక్కుపోకుండా రాసే పేస్టు) రాయాలా?

బుష్ గొట్టంలో కూర్చునే కాడకు పల్చగా రాయండి, మళ్లీ కోయాల్సిన అవసరం రాదు. మరలకు రాయకండి. జారుడు పెరిగి అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది.

యూ బోల్టులు విప్పాలా?

కట్టను యాక్సిల్‌కి కట్టి పట్టేవి యూ బోల్టులు. హ్యాంగర్, షాకిల్ మాత్రమే మారిస్తే విప్పక్కర్లేదు, కట్ట చివర విప్పి పక్కకు దింపుకుంటే చాలు. కట్ట మొత్తం బయటికి తీస్తే యూ బోల్టులు కొత్తవే వేయండి. ఒకసారి బిగుసుకుని సాగినవి, పైగా తుప్పు మరలతో ఉన్నవి మళ్లీ సరైన బిగింపు ఇవ్వవు. ఎక్కించేటప్పుడు సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. నాలుగు నట్లనూ మూలమూలలుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. మొదటి 100 కిలోమీటర్ల లోపు ఒకసారి, 1000 కిలోమీటర్ల దగ్గర మరోసారి టార్క్ చూసుకోండి.

మళ్లీ తుప్పు పట్టకుండా ఏం చేయాలి?

కొత్త హ్యాంగర్ ఆనే చోట చాసిస్‌ని మెరిసే లోహం వచ్చేదాకా రుద్ది, జింక్ ఎక్కువగా ఉన్న ప్రైమర్ పల్చగా వేసి పూర్తిగా ఆరనివ్వండి. మందంగా రంగు వేస్తే అది నలిగి బోల్టు బిగింపు సడలుతుంది. బిగించాక హ్యాంగర్ అంచుల వెంట సీలెంట్ వేయండి, నీరు బయటికి పోయే కింది అంచు మాత్రం వదిలేయండి. పెట్టె చాసిస్ లోపలికి మైనపు స్ప్రే పొడవాటి గొట్టంతో కొట్టాలి. తర్వాత బండి కడిగిన ప్రతిసారీ హ్యాంగర్ లోపలికి నీళ్లు కొట్టి బురద తీసేయండి.

పెద్ద లారీల్లో తేడా ఏమిటి?

చాలావాటిలో రబ్బరు ఉండదు. గ్రీజు నిప్పుల్ ఉన్న షాకిల్ పిన్ను, కంచు లేదా ఉక్కు బుష్ ఉంటాయి. గ్రీజు అందకపోతే పిన్ను ఒక వైపే అరిగి గాడి పడుతుంది. బరువు పిన్ను మీద ఉండగా గ్రీజు కొడితే అది ఖాళీగా ఉన్న వైపే పోతుంది, రాపిడి పడే వైపు పొడిగానే మిగులుతుంది. చాసిస్‌ని జాకీతో లేపి కట్ట మీద బరువు తీసి, కొత్త గ్రీజు రెండు అంచుల నుంచీ బయటికి వచ్చేదాకా కొట్టండి. పక్క వాషర్లు అరిగి ఉంటే పిన్నుతో పాటే మార్చండి.

పని అయ్యాక బండి ఇంకా ఒక పక్కకు వాలుతోంది. ఎందుకు?

మొదట బుష్ బోల్టులు నాలుగైదు మరలు వదిలి, బండిని ఊపి, నేల మీదే మళ్లీ బిగించి చూడండి. వాలు పోకపోతే రెండు కట్టల వంపు కొలవండి. పాత కట్ట ఒకటి కుంగి ఉండొచ్చు, ఇంతకాలం చెడ్డ హ్యాంగర్ దాన్ని కనిపించనీయలేదు. ఒక్క కట్ట మార్చితే రెండో వైపు తేడా వస్తుంది కాబట్టి కట్టలు జతగానే మార్చాలి. షాకిళ్లు రెండు వైపులా ఒకే పొడవు ఉన్నాయో లేదో కూడా చూడండి, సామాను పెట్టెల్లో వేర్వేరు మోడళ్లవి కలిసిపోతుంటాయి. చివరిగా చక్రాల మధ్య దూరం మళ్లీ టేపుతో కొలిచి, రెండు వైపులా సరిపోయాకే బరువు ఎక్కించండి.